పడటానికి రెండు కాలేజీలు

నేను నటన నేర్చుకున్నది స్ట్రెచర్ మీద. ఈ మాట చెబితే నాటకాలవాళ్ళు ఇదేదో ప్రయోగాత్మక పద్ధతి అనుకొని గంభీరంగా తలాడిస్తారు. ప్రయోగం లేదు, పాడూ లేదు. మా నాన్న పటాన్‌చెరులో ఒక మందుల ఫ్యాక్టరీలో సేఫ్టీ ఇన్‌ఛార్జి. అలాంటి ఫ్యాక్టరీల్లో అప్పుడప్పుడు మాక్‌డ్రిల్ అని ఒకటి చేస్తారు. గ్యాస్ లీకైనట్టు సైరన్ మోగిస్తారు. అందరూ చేతిలో పని వదిలేసి గేటు పక్కన ఆకుపచ్చ బోర్డు కిందికి వచ్చి నిలబడాలి. ఆ చోటిని అసెంబ్లీ పాయింట్ అంటారు. అక్కడ తలలు లెక్కపెడతారు. ఈలోగా లోపల ఒక మనిషి స్పృహ తప్పి పడిపోవాలి. నలుగురు వెళ్ళి ఆ మనిషిని స్ట్రెచర్ మీద మోసుకొచ్చి అంబులెన్స్ ఎక్కించాలి.

అంతా బాగానే ఉంది కానీ, పడేవాడే దొరకడు.

బతికున్న మనిషి ఉత్తపుణ్యానికి స్ట్రెచర్ మీద పడుకుంటే, ఏడాది తిరక్కుండా నిజంగానే దాని మీదికి ఎక్కాల్సి వస్తుందని మా పారిశ్రామికవాడలో గట్టి నమ్మకం. ఎవరు పుట్టించారో తెలియదు. తాతల నాటి నుంచి ఇక్కడే ఉన్న పర్మినెంటు కార్మికుడూ ఒప్పుకోడు, నిన్న కాక మొన్న బీహార్ నుంచి దిగిన కాంట్రాక్టు కార్మికుడూ ఒప్పుకోడు. మిగతా అన్ని విషయాల్లో కొట్లాడుకునే మనుషులు ఈ ఒక్క విషయంలో అన్నదమ్ములు. "సాబ్, డ్రమ్ ఉఠాయేగా, ఓవర్‌టైమ్ కరేగా, లేకిన్ ముర్దా నహీ బనేగా" అని, అంటే బరువులైనా మోస్తాను గానీ శవాన్ని మాత్రం కానని, ఒకతను మా నాన్నకు దండం పెట్టేశాడట. ఒక ఏడాది గోనెసంచిలో వరిపొట్టు కుక్కి, దానికి ప్యాంటూ చొక్కా తొడిగి పడేశారు. చూడ్డానికొచ్చిన పెద్దాఫీసరు "మాకు మనిషి కావాలి, దిష్టిబొమ్మ కాదు" అని కోప్పడి వెళ్ళిపోయాడు.

అందుకని మా నాన్న నన్ను తీసుకెళ్ళాడు. అప్పుడు నేను సంగారెడ్డిలో బీకాం చదువుతున్నాను. గేటు దగ్గర నాకు విజిటర్ పాస్ రాయించి, సెక్యూరిటీవాళ్ళు అడక్కముందే, "విజిటర్ పడొద్దని రూలుందా? విజిటర్ గుడ పడొచ్చు" అని తనకు తానే సర్దిచెప్పుకొన్నాడు.

మొదటిసారి పడ్డప్పుడు సిగ్గేసింది. రెండోసారి సరదా వేసింది. ఆ తర్వాత పిచ్చి పట్టింది. అబద్ధమెందుకు, చాలా బాగుంటుంది. నేను గొంతు పట్టుకొని, కళ్ళు తేలేసి, కాళ్ళు కొట్టుకొని కూలిపోగానే నలుగురు మనుషులు ముఖాలకు మాస్కులు తగిలించుకొని నాకోసం పరుగెత్తుకొస్తారు. బీకాం మూడేళ్ళలో నన్నెవరూ అంత శ్రద్ధగా చూడలేదు. చుట్టుపక్కల ఫ్యాక్టరీలకూ నా కీర్తి పాకింది. వాళ్ళ సేఫ్టీవాళ్ళు మా నాన్నకు ఫోన్ చేసి, "సార్, మీ బిడ్డ మస్తు పడ్తదంట గద, మాకు గుడ జెర పంపుండ్రి" అని అడిగేవాళ్ళు. వెళ్ళిన ప్రతిచోటా శాలువా బదులు 'భద్రతే ప్రథమం' అని రాసిన కాఫీ కప్పు ఇచ్చేవాళ్ళు. మా ఇంట్లో నీళ్ళు తాగేదీ వాటితోనే, పప్పు కొలిచేదీ వాటితోనే.

అమ్మకు ఈ సంగతి కప్పుల వల్లే తెలిసింది. నెత్తి బాదుకుంది. "అది పాడె ఎక్కినట్టే గదనే! మీ నాయినకు లోకంల ఇంకెవ్వలు దొర్కలేదా?" అని, ఆ రోజు నుంచి నేను ఏ ఫ్యాక్టరీలో పడొచ్చినా గడప బయటే నిలబెట్టి ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేసేది. మిరపకాయల ఘాటుకు ఇంటిల్లిపాదీ దగ్గేవాళ్ళం. పొద్దున ఉత్తుత్తి గ్యాసుకు దగ్గి, సాయంత్రం ఇంట్లో నిజం దగ్గు దగ్గేదాన్ని.

ఇన్నిసార్లు పడ్డాక డిగ్రీ అయిపోయేసరికి నాకు ఒకటే కోరిక మిగిలింది. పడాలి. నిలబడాలి, నడవాలి, ఏడవాలి, నలుగురూ చూడాలి. దీన్ని నటన అంటారని, దానికి కాలేజీలు ఉంటాయని ఫోన్లో వెతికితే తెలిసింది. రెండు చోట్ల దరఖాస్తు పెట్టాను. ఒకటి వేరే రాష్ట్రంలో నటన మాత్రమే నేర్పే విద్యాలయం. మూడేళ్ళు అక్కడే తిని, అక్కడే పడుకొని, పొద్దున లేచింది మొదలు ఒళ్ళూ గొంతూ సాధన చేయాలి. రెండోది పట్నంలో ఒక యూనివర్సిటీ. అందులో రంగస్థల కళల శాఖ. రెండేళ్ళు చదివితే ఎం.పి.ఏ. అని పట్టా ఇస్తారు. మా ఇంటి ముందు బస్సెక్కితే పోయి రావచ్చు.

నటన విద్యాలయంలో ఎంపికకు మా అమ్మ తోడొచ్చింది. లోపల ఒక పెద్ద హాల్లో నేల మీద కూర్చోబెట్టారు. గడ్డమున్న ఒక మాస్టారు కళ్ళు మూసుకొని, "నీరు అవ్వండి" అన్నాడు. మిగతావాళ్ళందరూ వెంటనే చేతులు అలల్లా ఊపుతూ నదులైపోయారు. నాకు అర్థం కాలేదు. "ఏ నీళ్ళు సార్?" అని అడిగాను. ఆయన కళ్ళు తెరిచి నన్ను గౌరవంగా చూసి, "నీ నీళ్ళు" అన్నాడు. సరేనని మా బోరు నీళ్ళయ్యాను. ముందు కాసేపు గాలి, తర్వాత దగ్గు, తర్వాత పసుపుపచ్చగా ఒక ధార, అంతలో కరెంటు పోయి ఆగిపోవడం. మాస్టారు ఒళ్ళు జలదరించినట్టు, "ఇందులో రాజకీయం ఉంది" అన్నాడు. "రాజకీయం కాదు సార్, మోటారు" అన్నాను. ఆ వినయం ఆయనకు ఇంకా నచ్చింది.

తర్వాత ఎవరికి వచ్చింది వాళ్ళని చేసి చూపించమన్నారు. నాకు వచ్చింది ఒకటే. గొంతు పట్టుకొని, కళ్ళు తేలేసి, కాళ్ళు కొట్టుకొని ఆ హాలు దద్దరిల్లేలా పడ్డాను. పక్కనున్న వాళ్ళు చప్పట్లు కొట్టారు. తెల్ల జుట్టున్న ఒక మేడమ్ మాత్రం కొట్టలేదు. లేచి వచ్చి నా పక్కన నేల మీద కూర్చుంది. "బాగా పడతావు. కానీ మేం చూస్తున్నామని పడుతున్నావు. నిజంగా పడిపోయే మనిషి ఏం చేస్తుందో తెలుసా? పడకుండా ఉండటానికి చేతనైనదంతా చేస్తుంది" అంది హిందీలో. నాకు ఒళ్ళు మండింది. పటాన్‌చెరు మొత్తం మెచ్చుకున్న పతనానికి ఈవిడ వంక పెడుతుందా అనుకున్నాను. కానీ వచ్చేటప్పుడు రైల్లో రాత్రంతా ఆ మాటే చెవిలో ఇల్లు కట్టుకుంది.

యూనివర్సిటీ తీరు వేరు. అక్కడ ముందు రాతపరీక్ష. ఏ దేశంలో ఏ నాటకశాల పైకప్పు ఎలా ఉండేదో నాలుగు జవాబుల్లోంచి ఏరుకోవాలి. బీకాంవాళ్ళం, అంచనాలు వేయడం మాకు కొత్తకాదు. ఇంటర్వ్యూలో ముగ్గురు ప్రొఫెసర్లు. "రంగస్థలం ఎందుకు?" అని అడిగారు. "నటించడానికి సార్" అన్నాను. ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు, పిల్లకు జబ్బు ముదిరిందన్నట్టు. "నటన ఒక పేపరేనమ్మా, రెండో సెమిస్టర్లో వస్తుంది. అదీ ఆప్షనల్" అన్నాడు నడిమాయన జాలిగా. నేను డీలా పడిపోయి, ఏదో ఒకటి చెప్పాలని స్ట్రెచర్ సంగతీ, పొట్టు బొమ్మ సంగతీ చెప్పాను. అంతే. ముగ్గురూ కుర్చీల్లో ముందుకు జరిగారు. "శ్రామిక దేహం, మృత్యు భయం, ప్రదర్శన" అని ఒకాయన గబగబా రాసుకున్నాడు. "ఇది మంచి పేపరవుతుంది" అన్నాడు ఇంకొకాయన. ఎవరి పేపరో చెప్పలేదు.

రెండు చోట్లా సీటొచ్చింది. ఒకచోట నన్ను పడమంటారు, ఇంకోచోట ఎందుకు పడ్డావో వివరించమంటారు. నాకు పడాలనే ఉంది. కానీ మా ఇంట్లో నాకేం చేయాలని ఉంది అన్నది అడిగే విషయం కాదు. అడగాల్సింది కాలనీని.

మా పక్కింటి అంకుల్ గోదావరి జిల్లా నుంచి ప్రభుత్వ ప్లాంటులో ఉద్యోగానికి వచ్చి, రిటైరై, ఇక్కడే స్థిరపడిపోయారు. ఆయనకు ఖాళీ ఎక్కువ. వార్త తెలిసిన సాయంత్రమే లుంగీ సర్దుకుంటూ వచ్చేశారు. "చూడమ్మా, యూనివర్సిటీ అంటే యూనివర్సిటీయే. నెట్ పరీక్ష రాసుకోవచ్చు, లెక్చరర్ అవ్వచ్చు, పెన్షనుండకపోయినా పరువుంటుంది. అక్కడేముందండీ, పొద్దున్నే లేచి గెంతడమేగా. గెంతడానికి సర్టిఫికెట్టేంటి?" అన్నారు. నటన నేర్చుకోవాలంటే ఎలాగని అడిగాను. "నేర్చుకునేదేముందమ్మా నటన! నేను ముప్ఫయ్యేళ్ళు పనిచేస్తున్నట్టు నటించలేదూ?" అన్నారు. ఆయన నిజమే చెప్పారని ఆంటీ గోడ అవతలి నుంచి బలపరిచింది.

మా మేనమామ కిష్టారెడ్డిపేటలో ప్లాట్లు అమ్మిస్తాడు. ఆయనకు భూమి మీద ఏదైనా ప్లాటే. "అరే కోడలా, గా యాక్టింగ్ బడి అంటే అగ్రిమెంటు మీద కొన్న జాగ లెక్క. మంచిగనే కనిపిస్తది, రేపు లేఅవుట్ లేదంటరు. యూనివర్సిటీ అంటే రిజిస్ట్రేషన్ అయిన జాగ. చిన్నగున్నా నీదే. రేపు సంబంధాలోళ్ళు ఏం చదివిందంటె ఎం.పి.ఏ. అని చెప్తం. మల్ల అడిగేటోడు ఉండడు" అన్నాడు. పక్కా రిజిస్ట్రేషన్లని ఆయన అమ్మించిన రెండు ప్లాట్లు చెరువులో తేలాయని అమ్మ గుర్తుచేసింది. మామ చాయ్ సగంలో వదిలేసి లేచాడు.

అమ్మ మాత్రం ఏ పక్షమూ వహించలేదు. నటన విద్యాలయం హాస్టల్లో పప్పులో బెల్లం వేస్తారని ఆమె కళ్ళారా చూసి వచ్చింది. పప్పులో బెల్లం వేసేవాళ్ళు ఏం నేర్పుతారో ఆమెకు అనుమానమే. ఒకసారి పొమ్మంటుంది, ఒకసారి వద్దంటుంది. ఊరందరిదీ ఒక దారి అయితే ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు, ఇంతమంది మాట్లాడుతుంటే మాట్లాడనిది మా నాన్న ఒక్కడే.

ఆయన మాట్లాడితే ప్రమాద అంచనాయే. ఏ పని మొదలుపెట్టినా ముందు అందులో ఏం చెడిపోవచ్చు, చెడితే ఎంత నష్టం, చెడకుండా ఏం చేయాలి అని చూడటం ఆయన ఉద్యోగం. నేను పుట్టినప్పుడు అమ్మ కాన్పుకు కూడా అలాగే చూశాడట. ఒక ఆదివారం నన్ను ఎదురుగా కూర్చోబెట్టాడు.

"యూనివర్సిటీల ఏం ప్రమాదం?"

"నటన రాదు నాయినా."

"యాక్టింగ్ బడిల?"

"నాల నటన లేకుంటె మూడేండ్లు మన్నుల పోతయి."

"ఉన్నదో లేదో ఎట్ల తెలుస్తది?"

"సీటిచ్చిండ్రు గద."

"గ్యాస్ సిలిండరు అమ్మేటోడు గ్యాస్ మంచిగున్నదనే చెప్తడు బిడ్డా. ఇన్‌స్పెక్షన్ వేరేటోళ్ళు చెయ్యాలె."

నాకు కోపమొచ్చింది. "ఇన్నిసార్లు నీ ముందట్నే పడ్డ గద, నువ్వు జూడలేదా?" అన్నాను.

మా నాన్న కాస్త ఆలోచించి, "లేదు" అన్నాడు.

అప్పుడు గాని నాకు తట్టలేదు. నేను తన ఫ్యాక్టరీలో ఎన్నిసార్లు పడినా, సైరన్ మోగగానే మా నాన్న ఉండేది ఆకుపచ్చ బోర్డు కింద. యార్డుకు వీపు పెట్టి, వచ్చేవాళ్ళ ముఖాలు చూస్తూ తలలు లెక్కపెడుతుంటాడు. ఎవరు ఏడ్చినా, ఎవరు అరిచినా లెక్క సరిపోయేదాకా ఆ చోటు కదలడు. "సైరన్ మోగినంక నీ అన్న లోపలున్నా, నీ తమ్ముడు లోపలున్నా ఉర్కొద్దు. ఈడ నిలవడు. లెక్క తేలాలె. తేలినంక మాస్కులున్నోళ్ళు పోతరు" అని కొత్తగా చేరిన ప్రతి కార్మికుడికీ చెప్పేవాడు. ఆ మాట ఆయన నోటి నుంచి విన్నవాళ్ళు పటాన్‌చెరులో కొన్ని వేలమంది ఉంటారు. నన్ను జనమంతా చూశారు. మా నాన్న చూడలేదు.

"అయితే జూడు. వచ్చే డ్రిల్‌కు జూడు" అన్నాను పంతంగా.

ఆయన ఒక పూటంతా ఆలోచించాడు. డ్రిల్‌లో ఏం జరగాలో రాసేది ఆయనే. సాయంత్రం వచ్చి, "గీసారి డ్రమ్ములు దించే యార్డుల లీకైనట్టు పెడ్త. బోర్డు కాడికెల్లి సక్కగ కనవడ్తది. నేను జూస్త. నువ్వు పాసైతె యాక్టింగ్ బడికి పో. లేకుంటె సప్పుడు జెయ్యక బస్సెక్కి యూనివర్సిటీకి పో" అన్నాడు. కాలనీలోకెల్లా న్యాయమైన మాట అదే. సరేనన్నాను. ఆ వారమంతా నాకు నిద్రపట్టలేదు. బతుకంతా ఒక్క పడటం మీద ఆగింది.

డ్రిల్ రోజు పక్క ఫ్యాక్టరీలవాళ్ళు కొందరు పరిశీలకులుగా వచ్చారు. వాళ్ళకు కుర్చీలు, నీళ్ళసీసాలు, సమోసాలు. ప్రమాదం ఎన్ని గంటలకు జరగాలో వాళ్ళ చేతిలో కాగితం మీద ఉంది. అంతకు ముందే సమోసాలు అయిపోవాలని హెచ్చార్ వాళ్ళ తాపత్రయం. నేను పసుపు హెల్మెట్ పెట్టుకొని డ్రమ్ముల దగ్గర నిలబడ్డాను. సైరన్ మోగింది. కార్మికులు బోర్డు వైపు నడిచారు. మా నాన్న ఈసారి వీపు తిప్పలేదు. యార్డు వైపు తిరిగి నిలబడి, ఒక కన్ను లెక్క మీద, ఒక కన్ను నా మీద పెట్టాడు.

నేను గొంతు పట్టుకోబోయాను. చేయి సగం లేచింది. అప్పుడు ఆ తెల్లజుట్టు మేడమ్ మాట అడ్డొచ్చింది. పడకుండా ఉండటానికి చేతనైనదంతా చేస్తుంది. సరే, గ్యాసు తగిలిన మనిషి ఏం చేస్తుంది? మా నాన్న చెప్పినట్టే చేస్తుంది. అసెంబ్లీ పాయింట్‌కు నడుస్తుంది.

నడిచాను. మామూలుగానే నడిచాను. కాస్త తల తిరిగినట్టైతే డ్రమ్ము మీద చేయి వేశాను, ఎవరైనా చూశారేమోనని సిగ్గుపడి చేయి తీసేశాను. చున్నీ సర్దుకున్నాను. మా నాన్న కనిపిస్తున్నాడు. బాగానే ఉన్నా అన్నట్టు ఆయన్ను చూసి కొంచెం నవ్వాను. ఇంకో నాలుగడుగులు వేస్తే చాలని ఉంది. మోకాళ్ళు మాట వినలేదు. కూర్చున్నాను, చెప్పు తెగితే కూర్చున్నట్టు. లేవాలని ఒక చేయి నేలమీద పెట్టాను. ఆ చేయి కూడా వంగిపోయింది. అరవలేదు, కాళ్ళు కొట్టుకోలేదు. పరిశీలకుల్లో ఒకాయన "ఇంకా మొదలవ్వలేదా?" అని పక్కాయన్ను అడగడం వినిపించింది.

ఆ తర్వాత బూట్ల చప్పుడు వినిపించింది. నలుగురివి కాదు, ఒక్కరివి. కళ్ళు మూసుకున్నా తెలిసింది, ఆ బూట్లు నేను చిన్నప్పటి నుంచి గడప దగ్గర విన్న బూట్లు. మా నాన్న బోర్డు వదిలేసి ఉరికి వస్తున్నాడు. మాస్కు లేదు, గ్లవుజులు లేవు, వాకీటాకీ ఎక్కడో పడేసినట్టున్నాడు. నన్ను ఒళ్ళోకి లాక్కొని, ఇంట్లో పిలిచే పేరుతో పిలిచాడు. ఆ పేరు ఇక్కడ రాయను. "లే బిడ్డా, లేవే, ఏమైందే" అంటున్నాడు. ఆయన చెమట నా ముఖం మీద పడింది.

ప్రమాదం తీరిందని చెప్పే ఆల్‌క్లియర్ సైరన్ మోగేదాకా పడినవాళ్ళు కళ్ళు తెరవకూడదు. అది కూడా మా నాన్న నేర్పిన రూలే. నేను తెరవలేదు. నిజం చెప్పాలంటే రూలు కోసం కాదు. ఆ క్షణంలో నాకు పట్టరాని ఆనందంగా ఉంది. మా నాన్న నన్ను చూశాడు. చూసి నమ్మాడు. ఇంత పెద్ద సర్టిఫికెట్టు నాకు తర్వాత ఎవరూ ఇవ్వలేదు.

ఆయన ఉరకడం చూసి బోర్డు కింద నిలబడ్డ కార్మికులంతా ఆయన వెనకే ఉరికారు. ఎన్నడూ కదలని సారే కదిలాడంటే ఇది డ్రిల్ కాదని వాళ్ళు తీర్మానించుకున్నారు. ముర్దా నహీ బనేగా అన్నాయన అందరికంటే ముందు స్ట్రెచర్ పట్టుకొచ్చాడట. కుర్చీల్లోని పరిశీలకులు సమోసా ప్లేట్లతో సహా గేటు బయటికి పారిపోయారు. అసెంబ్లీ పాయింట్‌లో లెక్కపెట్టడానికి ఒక్క తల కూడా మిగల్లేదు.

డ్రిల్ ఫెయిలైంది. ఇన్‌ఛార్జి స్థానం వదిలాడు, మాస్కు లేకుండా గ్యాసులోకి వెళ్ళాడు, లెక్క తేలలేదు అని తప్పులన్నీ రిపోర్టులో మా నాన్న పేరునే రాశారు. పడిన మనిషి గురించి మాత్రం 'తృప్తికరం' అని ఒక ముక్క. దానికి శిక్షగా మా నాన్నను మళ్ళీ ప్రాథమిక భద్రతా శిక్షణకు కూర్చోబెట్టారు. ఆ శిక్షణకు పాఠాలు రాసింది మా నాన్నే. ఆయన కింద పనిచేసే కుర్రాడు తెరమీద మా నాన్న తయారుచేసిన బొమ్మలే చూపిస్తూ, "సైరన్ మోగితే మనవాళ్ళు లోపలున్నా ఉరకొద్దు సార్" అని ఆయనకే చెప్పాడట. మా నాన్న బుద్ధిగా తలూపి, చివర్లో పరీక్ష రాసి, పాసయ్యాడు.

డ్రిల్ జరిగిన సాయంత్రం అమ్మ మా ఇద్దరినీ గడప బయట నిలబెట్టి ఉప్పూ మిరపకాయలూ తిప్పింది. మా నాన్న దగ్గుకుంటూ లోపలికి వెళ్ళిపోయాడు. అమ్మ నన్ను ఆపి మెల్లగా చెప్పింది. "పాత కంపెనీల ఉన్నప్పుడు ఒకపారి నిజంగనే సైరన్ మోగింది. మీ నాయిన లెక్కపెడితే ఒక్క మనిషి తక్వొచ్చిండు. మల్ల మల్ల లెక్కపెట్టిండు. ఎన్నిసార్లు పెట్టినా ఒకడు తక్వనే. గప్పటిసంది మీ నాయిన ఆ బోర్డు ఇడిశిపెట్టి పోలే. నువ్వు ఇడిపించినవ్" అంది. తిట్టిందో మెచ్చుకుందో అర్థం కాలేదు. నా సంతోషం కొంచెం తగ్గింది, మొత్తం పోలేదు.

అన్నం దగ్గర మా నాన్న ప్లేటులోకి చూస్తూ అన్నాడు: "యాక్టింగ్ బడికే పో."

"పాసైనట్టేనా నాయినా?"

"పాసే. ఒక్కటి మాత్రం. నన్ను జూడనీకి పిలువకు."

వెళ్ళాను. మూడేళ్ళు పప్పులో బెల్లం తిన్నాను. మొదటి ఆర్నెల్లూ మమ్మల్ని నేల మీద పడుకోబెట్టి ఊపిరి తీసుకోవడం నేర్పారు. ఇంటికి ఫోన్ చేస్తే అమ్మ "ఇయ్యాల ఏం నేర్పిండ్రు?" అనేది. ఊపిరి తీసుకోవడం అంటే, వెనక నుంచి మా నాన్న, "గది మా దగ్గర గాలి సిలిండరు ట్రైనింగ్‌ల ఒక్క పూటల నేర్పుతం" అనేవాడు. గడ్డం మాస్టారు మమ్మల్ని నీళ్ళను చేశాడు, నిప్పును చేశాడు, ఒకసారి మధ్యాహ్నం భోజనం తర్వాత నిశ్శబ్దాన్ని చేయబోతే సగంమంది నిద్రపోయారు. యూనివర్సిటీ ప్రొఫెసరుగారి వ్యాసం అచ్చయిందని పక్కింటి అంకుల్ వాట్సాప్‌లో పంపారు. అందులో పొట్టు బొమ్మ ఉంది, స్ట్రెచర్ ఉంది, నేను లేను. 'క్షేత్రస్థాయి సమాచారం' అని ఉంది. నువ్వు అక్కడ చేరుంటే ఆ వ్యాసం నీ పేరునే వచ్చేదమ్మా అన్నారు అంకుల్. నాకు నవ్వొచ్చింది. చేరినా వచ్చేది కాదు.

చివరి ఏడాది మా తరగతి పెద్ద నాటకం వేసింది. అందులో నేను వరదలో చిక్కుకున్న ఒక తల్లిని. రెండో అంకం చివర చనిపోతాను. అమ్మను పిలిచాను. నాన్నను పిలవలేదు, మాట మాటే. ఇద్దరూ వచ్చారు. మా నాన్న రాగానే హాలు చుట్టూ తిరిగి, మంటలార్పే సిలిండరు గడువు ఎప్పుడో తీరిందని గడ్డం మాస్టారుకు చూపించాడు. వెనక తలుపుకు సైకిల్ తాళం ఎందుకేశారని అడిగి, తీసేదాకా వదల్లేదు. నాటకం ఆ తాళంచెవి కోసం ఆలస్యమైంది. నా స్నేహితులు "ఆయనెవరు, ప్రభుత్వం మనిషా?" అని అడిగితే, తెలియదన్నాను.

ఆయన తలుపు పక్క కుర్చీలో కూర్చోవడం తెర సందులోంచి చూశాను. మొదటి అంకమంతా ఉన్నాడు. రెండో అంకంలో నీళ్ళు నా నడుం దాకా వచ్చినప్పుడు చూస్తే కుర్చీ ఖాళీ. ఎంత ఉక్రోషం వచ్చిందో చెప్పలేను. ఇంత దూరం వచ్చి అసలు ఘట్టం చూడకుండా లేచిపోతాడా అనుకుంటూనే మునిగాను, అనుకుంటూనే చనిపోయాను. చప్పట్లు కొట్టారు. అమ్మ వెక్కివెక్కి ఏడుస్తోంది.

ముఖం కడుక్కొని అందరికంటే ఆఖర్న బయటికి వచ్చాను. మా నాన్న బయట స్కూటర్ల పక్కన, గేటు ఎదురుగా నిటారుగా నిలబడి ఉన్నాడు. చూపు తలుపు మీదే ఉంది. ఆ నిలబడటం నాకు తెలుసు. అక్కడ ఆకుపచ్చ బోర్డు ఒక్కటే తక్కువ.

"ఎందుకు లేచొచ్చినవ్ నాయినా? అసలుది జూడనే లేదు."

"ఆడ కూసుంటె మల్ల ఉర్కుతుంటి" అన్నాడు.

"మరి ఇంతసేపు ఈడ ఏం చేస్తున్నవ్?"

"లోపలికి పోయేటప్పుడే అందర్ని లెక్కపెట్టి పెట్టుకున్న. నాటకపోళ్ళు, చూసేటోళ్ళు, అందరు. ఒక్కొక్కలు బయటికొస్తుంటె మల్ల లెక్కపెట్టిన. అందరొచ్చిండ్రు. ఒక్క మనిషే తక్వున్నది." ఆయన నన్ను పై నుంచి కిందికి ఒకసారి చూశాడు. తడిసిన నా చున్నీ అంచు వేళ్ళతో పట్టుకొని వదిలాడు. "ఇగ సరిపోయింది. పా, ఏమన్న తిందాం."